23 పరుగుల విలువ

2021 జనవరి 11, సిడ్నీ. ఆస్ట్రేలియాతో మూడో టెస్టు, చివరి రోజు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి పేరు పక్కన ఆ సాయంత్రం స్కోర్‌కార్డులో మిగిలిన అంకెలు ఇవి: 23 నాటౌట్, 161 బంతులు. స్ట్రైక్ రేటు 14 చిల్లర. మ్యాచ్ చూడనివాళ్ల చేతికి ఈ కాగితం ఇస్తే, 'బంతులన్నీ తినేశాడు' అని పక్కన పెట్టేస్తారు.

చూసినవాళ్లకు తెలిసిన సంగతి వేరు. భారత్ ముందున్న లక్ష్యం 407. రిషభ్ పంత్ 97 కొట్టి వెళ్లాడు, పుజారా 77 చేసి వెళ్లాడు. స్కోరు 272కి 5 వికెట్లు. జడేజా బొటనవేలు విరిగి ఉంది. పరుగు తీయబోయి విహారి తొడ వెనక కండరం దెబ్బతిన్నది. అవతలి ఎండ్‌లో అశ్విన్ నడుం నొప్పితో నిలబడ్డాడు. ఒకరు పరిగెత్తలేరు, ఇంకొకరు వంగలేరు. ఆ ఇద్దరూ దాదాపు 43 ఓవర్లు ఆడి, 334కి 5 వికెట్లతో మ్యాచ్‌ను డ్రా చేశారు. వారం తిరిగాక బ్రిస్బేన్‌లో గెలిచి భారత్ సిరీస్‌ను 2-1తో పట్టుకొచ్చింది. సిడ్నీలో ఓడి ఉంటే బ్రిస్బేన్ గెలుపుతో సిరీస్ సమమయ్యేదే తప్ప మనది అయ్యేది కాదు.

మరి 23 అన్న అంకె అబద్ధం చెప్పిందా? లేదు. మనమే దాన్ని తప్పు ప్రశ్న అడిగాం. ఆ సాయంత్రం పరుగులకు విలువ లేదు, గడిచిపోయే బంతులకే విలువ. 'ఎన్ని కొట్టాడు' అని కాకుండా 'వికెట్ ఇవ్వకుండా ఎన్ని బంతులు దాటించాడు' అని అడిగితే జవాబు 161. అదీ అంకే. అదే స్కోర్‌కార్డులో, పక్క గడిలోనే ఉంది.

ఆటగాళ్లను అంచనా వేయడంలో ఒక పాత తగవు ఉంది. అంకెలు చూడాలని ఒక పక్షం, ఆట చూడాలని ఇంకో పక్షం. కాలేజీ బాస్కెట్‌బాల్ కుర్రాడిని పెద్ద లీగుకు ఎంచుకునే అమెరికా క్లబ్బుల్లోనూ, రంజీ జట్టు ఎంపిక గదిలోనూ, మన కాలేజీల సెలెక్షన్ ట్రయల్స్ దగ్గరా జరిగేది ఇదే వాదన. నిజానికి ఇవి రెండు పక్షాలు కావు. సందర్భం అంటే మనం రాసుకోకుండా వదిలేసిన అంకెలు. వాటిని రాసుకోవడం నేర్చుకుంటే తగవులో చాలా భాగం తీరిపోతుంది. ఈ అధ్యాయం ఆ నేర్పు గురించే.

ఒక సగటును విప్పి చూద్దాం

విహారి టెస్టు లెక్క చిన్నది. 16 టెస్టులు, 28 ఇన్నింగ్స్, 839 పరుగులు. మూడుసార్లు నాటౌట్ కాబట్టి 839ని 25తో భాగిస్తే సగటు 33.56. ఒక సెంచరీ, ఐదు అర్ధ సెంచరీలు. 'ముప్పై మూడు సగటు, పర్లేదు' అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మనం ఆగొద్దు.

'ఎకరాకు ఎన్ని బస్తాలు' అని అడిగిన గోదావరి రైతు జవాబు విని ఊరుకోడు. సార్వాయా, దాళ్వాయా అంటాడు. కాలువ మొదట ఉన్న పొలమా, శివారుదా అంటాడు. నీళ్లు ఆలస్యంగా అందే శివారు చేలో పండిన ముప్పై బస్తాలూ, కాలువ పక్క చేలో పండిన ముప్పై బస్తాలూ ఒకే రకం వ్యవసాయం కాదని ఆయనకు తెలుసు. ఆటగాడి సగటును కూడా అలాగే అడగాలి.

మొదటి ప్రశ్న: ఎక్కడ ఆడాడు? 16 టెస్టుల్లో స్వదేశంలో ఆడినవి మూడే. విశాఖలో ఒకటి, మొహాలీలో ఒకటి, బెంగళూరులో ఒకటి. మిగతా 13 పరాయి గడ్డ మీదే. సొంత పిచ్‌ల మీద సగటు పెంచుకునే వీలు తోటి బ్యాటర్లకు దొరికినంతగా ఆయనకు దొరకలేదు. ఇక్కడిదాకా వచ్చి 'పాపం, అందుకే సగటు తగ్గింది' అనేసి ముగిస్తే అది అభిమానమే అవుతుంది, లెక్క కాదు. అంకెలు తీసి చూస్తే స్వదేశంలో నాలుగు ఇన్నింగ్స్‌లో 10, 58, 31, 35. సగటు 33.5. విదేశాల్లో 705 పరుగులు, సగటు 33.57. రెండూ ఒకటే!

అంటే గడ్డ ప్రభావం లేనట్టేనా? ఇంకో పొర తీయాలి. ఆ 705లో 289 పరుగులు 2019లో వెస్టిండీస్‌లో రెండు టెస్టుల్లో వచ్చాయి: 32, 93, 111, 53 నాటౌట్. అవి పక్కన పెడితే ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికాలలో 20 ఇన్నింగ్స్‌లో 416 పరుగులు, సగటు 23 చిల్లర. విహారిని ఇష్టపడేవాళ్లకు ఇది రుచించదు. కానీ సందర్భాన్ని పిలిచాక అది మన పక్షానే సాక్ష్యం చెప్పాలని పట్టుబట్టకూడదు.

రెండో ప్రశ్న: ఎన్నిసార్లు ఆడాడు? ఆ 28 స్కోర్లను చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసగా పేరిస్తే సరిగ్గా సగం, అంటే పద్నాలుగు, 20 లేదా అంతకంటే తక్కువ. సగటును పైకి లాగింది కొద్దిపాటి పెద్ద ఇన్నింగ్స్. బ్యాటర్లందరి లెక్కా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఇంత ఎగుడుదిగుడుగా ఉన్న అంకెల సగటును ఎంతవరకు నమ్మవచ్చు? గణాంక శాస్త్రంలో దీనికి కొలత ఉంది. స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చూసి, దాన్ని ఇన్నింగ్స్ సంఖ్య వర్గమూలంతో భాగించాలి. విహారి విషయంలో చెదురు సుమారు 26 పరుగులు. 28కి వర్గమూలం సుమారు 5.3. భాగిస్తే 5 వస్తుంది. నాటౌట్లకు మినహాయింపు ఇవ్వకుండా మొత్తం పరుగులను 28తో భాగిస్తే ఆయన ఇన్నింగ్స్‌కు చేసిన పరుగులు సగటున 30. దానికి అటూ ఇటూ రెండు ఐదులు వేసుకుంటే, ఆయన అసలు సత్తా 20కీ 40కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చని అర్థం.

20 అయితే జట్టులో చోటు కష్టం, 40 అయితే పదేళ్లు ఆడించవచ్చు. 16 టెస్టుల అంకెలు ఈ రెంటిలో ఏదో తేల్చలేవు. స్వదేశపు సగటైతే నాలుగే ఇన్నింగ్స్‌ది. దాని మీద ఏ తీర్పూ నిలబడదు. అంకెలు కొద్దిగా ఉన్నప్పుడు వేరే సమాచారం తెచ్చుకోవలసింది ఇందుకే. అంకెల మీద కోపంతో కాదు, అంకెలే చాలడం లేదని చెబుతున్నాయి కాబట్టి.

కింది మెట్టు అంకెలు పై మెట్టుకు ఎక్కుతాయా?

2018 సెప్టెంబరులో ఓవల్‌లో తొలి టెస్టు ఆడేనాటికి ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో విహారి సగటు 60కి దగ్గరగా ఉంది. అంతకు ముందటి ఏడాది విజయనగరంలో ఒడిశా మీద 302 నాటౌట్ చేశాడు. 60 దగ్గరి సగటు టెస్టుల్లో 33.56 అయింది.

ఇందులో వింత లేదు. రెండు కారణాలున్నాయి. ఒకటి, ప్రత్యర్థి మారాడు. రంజీలో మంచి బౌలర్ ఒక స్పెల్ వేసి వెళితే తర్వాత వచ్చేవాడిని కొట్టవచ్చు. టెస్టుల్లో ఆ తర్వాతివాడూ మంచివాడే. రెండోది కొంచెం లోతైనది. పైకి ఎంపికయ్యేది కింది మెట్టులో పట్టిక పైన ఉన్నవాళ్లే. పట్టిక పైకి చేరడానికి సత్తాతో పాటు కొంత కలిసిరావడం కూడా ఉండాలి. పై మెట్టుకు వెళ్లేది సత్తా. కలిసిరావడం వెంట వస్తుందన్న హామీ లేదు. కాబట్టి ఎంపికైనవాళ్లలో చాలామంది అంకెలు పైకి వెళ్లాక తగ్గుతాయి. దీన్ని సగటు వైపు మళ్లడం అంటారు. ఇది ఆటగాడి లోపం కాదు, ఎంపిక అనే పనిలోనే ఉన్న లక్షణం.

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఇదే చిక్కు ఏటా కోట్ల డాలర్ల పందెంగా ఎదురవుతుంది. 2008-09లో డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీ కుర్రాడు మ్యాచ్‌కు 28.6 పాయింట్లతో దేశంలో మొదటి స్థానంలో నిలిచాడు. రెండేళ్ల తర్వాత, 2010-11లో, బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం కుర్రాడు 28.9తో అదే స్థానం అందుకున్నాడు. మొదటివాడు స్టెఫెన్ కర్రీ. 2009లో ఏడో ఎంపికగా ఎన్‌బీఏ అనే పెద్ద లీగుకు వెళ్లి, 2015లోనూ 2016లోనూ ఆ లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. రెండోవాడు జిమ్మర్ ఫ్రెడెట్. 2011లో పదో ఎంపికగా వెళ్లి అక్కడ నిలదొక్కుకోలేకపోయాడు. కాలేజీలో చూస్తే 28.6 కంటే 28.9 ఎక్కువే.

కర్రీ నెగ్గుతాడని అందరికీ ముందే తెలుసునని ఇప్పుడు అనడం సులువు. అప్పట్లో సందర్భం ఆయనకు ఎదురుగానే కనిపించింది. డేవిడ్‌సన్ ఆడేది బలహీనమైన కాలేజీల మధ్య, ఆ పాయింట్లను ఎంత నమ్మాలన్నది అనుమానం. ఆ అనుమానాన్ని తీర్చగల సమాచారం కూడా ఉంది. 2008 జాతీయ టోర్నమెంటులో గొంజాగా, జార్జ్‌టౌన్, విస్కాన్సిన్ లాంటి గట్టి జట్లను అదే చిన్న కాలేజీ వరసగా ఓడించింది, ముందు నిలిచి ఆడింది కర్రీయే. బలమైన ప్రత్యర్థుల మీద ఆడిన మ్యాచ్‌లను విడిగా తీసి చూడటం ఒక మార్గం. వయసు చూడటం ఇంకొకటి. కర్రీ ఆ పాయింట్లు చేసింది కాలేజీ మూడో ఏడాదిలో, ఫ్రెడెట్ నాలుగో ఏడాదిలో. ఇరవై ఏళ్ల వయసులో ఒక ఏడాది చిన్న తేడా కాదు. వేగం చూడటం మరొకటి. కొన్ని జట్లు పరుగులెత్తిస్తూ ఆడతాయి, కొన్ని నింపాదిగా ఆడతాయి. బంతి ఎక్కువసార్లు చేతికొచ్చే జట్టులో పాయింట్లూ ఎక్కువే వస్తాయి. అందుకే మ్యాచ్‌కు ఎన్ని పాయింట్లు అనడం మానేసి, నూరు పొసెషన్లకు ఎన్ని అని లెక్క కడుతున్నారు. పొసెషన్ అంటే బంతి ఒక జట్టు చేతికొచ్చి, మళ్లీ చేయి దాటేదాకా సాగే వంతు. 'ఎన్ని' తర్వాత 'దేనికి ఎన్ని' అని అడిగితే చాలు, సందర్భంలో పెద్ద ముక్క ఒకటి లెక్కలోకి వచ్చేస్తుంది.

ఏ గడిలోనూ పడని పని

2021 నవంబరులో కాన్పూర్‌లో న్యూజీలాండ్‌తో టెస్టు. వృద్ధిమాన్ సాహా మెడ పట్టేయడంతో ఆంధ్ర వికెట్ కీపర్ కోన శ్రీకర్ భరత్ సబ్‌స్టిట్యూట్‌గా గ్లవ్స్ తొడుక్కున్నాడు. బంతి తక్కువ ఎత్తులో వచ్చే పిచ్ మీద రెండు క్యాచ్‌లు పట్టాడు, టామ్ లేథమ్‌ను స్టంప్ చేశాడు. స్కోర్‌కార్డులో 'సబ్' అని పడింది. భరత్ తొలి టెస్టు ఆడింది 2023 ఫిబ్రవరిలో, నాగపూర్‌లో. కాబట్టి ఆ మూడు వికెట్లూ ఆయన టెస్టు ఖాతాలో లేవు. తర్వాత ఏడు టెస్టుల్లో బ్యాటింగ్ సగటు 20 అన్నది మాత్రం అందరికీ గుర్తుంది. ఆ సగటు తక్కువే, దాన్ని దాచనక్కర్లేదు. కానీ కీపర్‌ను తూచే తక్కెడలో ఒక పళ్లెమే ఉంటే తూకం ఎలా కుదురుతుంది?

విహారిదే ఇంకో ఇన్నింగ్స్ చూడండి. 2018 డిసెంబరు 26, మెల్‌బోర్న్. మధ్య వరసలో ఆడే ఆయన్ని ఓపెనర్‌గా పంపారు. 66 బంతులు ఆడి 8 పరుగులు చేశాడు. సగటు లెక్కలో అదొక వైఫల్యం. కానీ పుజారా క్రీజులోకి వచ్చేసరికి కొత్త బంతి 19 ఓవర్లకు దగ్గరగా పాతబడింది. పుజారా 106 చేశాడు, భారత్ 443 దగ్గర డిక్లేర్ చేసి ఆ టెస్టు గెలిచింది.

'ఆ 66 బంతుల వల్లే పుజారా సెంచరీ' అనవచ్చా? ఒక్క మ్యాచ్ చూసి అనకూడదు. ఓపెనర్ మొదటి ఓవర్లోనే ఔటైనా పుజారా సెంచరీ చేసి ఉండేవాడేమో. తేల్చడానికి దారి ఉంది. కొన్ని వందల టెస్టులు తీసుకుని, ఓపెనర్లు పదిహేను ఓవర్లకు పైగా నిలిచినప్పుడు మధ్య వరస ఎన్ని పరుగులు చేసింది, త్వరగా వెళ్లిపోయినప్పుడు ఎన్ని చేసిందో పిచ్‌ను, ప్రత్యర్థిని బట్టి వేరుచేసి పోల్చాలి. సందర్భం గురించిన మాట ఒక ఊహ. దాన్ని పరీక్షించదగిన ప్రశ్నగా మార్చడమే శాస్త్రం చేసే పని.

బాస్కెట్‌బాల్ ఈ దారిలో చాలా దూరం వెళ్లింది. తోటివాడికి దారి ఇవ్వడానికి ఎదుటివాడికి అడ్డంగా నిలబడటం, ప్రత్యర్థి ప్రధాన ఆటగాడిని ఇష్టమైన చోటికి రానివ్వకపోవడం పాయింట్ల పట్టికలో కనపడవు. హ్యూస్టన్ రాకెట్స్‌కు ఆడిన షేన్ బాటియర్ అలాంటి ఆటగాడు. పాయింట్లు తక్కువ, రీబౌండ్లు తక్కువ. కానీ ఆయన కోర్టులో ఉన్నంతసేపూ జట్టు మెరుగ్గా ఆడేది. దాన్ని పట్టుకోవడానికి వాడే కొలత ప్లస్-మైనస్. ఆటగాడు కోర్టులో ఉన్నప్పుడు తన జట్టు ఎన్ని పాయింట్లు చేసింది, ప్రత్యర్థికి ఎన్ని ఇచ్చింది, ఆ తేడా ఎంత అన్నదే లెక్క. ఇంతకాలం 'చూస్తే తెలుస్తుందిలే' అని వదిలేసిన పనికి ఒక అంకె దొరికింది.

విడదీయలేని జంట

ప్లస్-మైనస్‌కూ హద్దు ఉంది. అది చూపించడానికి అమలాపురం కంటే మంచి ఉదాహరణ లేదు.

అమలాపురం కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, ముంబయికి చెందిన చిరాగ్ శెట్టి కలిసి 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచి, బ్యాడ్మింటన్ పురుషుల డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ జంట అయ్యారు. ఈ విజయంలో సాత్విక్ వాటా ఎంత? ఇద్దరూ ఎప్పుడూ కలిసే ఆడుతుంటే, గెలిచినా కలిసే, ఓడినా కలిసే. ఎన్ని వేల మ్యాచ్‌ల అంకెలు పోసినా గణితం ఆ వాటాను విడదీయలేదు. విడదీయాలంటే ఒకరు మారి ఇంకొకరు మిగిలిన మ్యాచ్‌లు కావాలి. ఇక్కడ కోచ్ కన్నే పనికొస్తుంది. ఇద్దరూ కోర్టు వెనక నుంచి బలంగా కొట్టేవాళ్లే అయినా జంటగా కలిపింది మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్. అప్పటికి వాళ్ల జంటకు అంకెలే లేవు.

సాత్విక్ పేరు మీద ఒక పెద్ద అంకె ఉంది: గంటకు 565 కిలోమీటర్ల స్మాష్. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లో, సైతామా ప్రాంతంలోని సోకాలో నమోదైన గిన్నిస్ రికార్డు. అది మ్యాచ్‌లో కొట్టినది కాదు. ఒక జిమ్‌లో కొలత కోసమే కొట్టినది. ఈకల షటిల్ గాలి నిరోధానికి క్షణాల్లో వేగం కోల్పోతుంది, ఎదుటివాడి రాకెట్ చేరేసరికి అది 565 కాదు. రికార్డు గొప్పదే. భుజబలం ఎంతో చెబుతుంది. మ్యాచ్ ఎలా గెలుస్తాడో మాత్రం చెప్పదు.

అంతకంటే పాఠం చెప్పేది టోక్యో ఒలింపిక్స్. 2021 జులైలో గ్రూపు దశలో సాత్విక్, చిరాగ్ మూడింట రెండు గెలిచారు. తైవాన్ జంట లీ యాంగ్, వాంగ్ చిలిన్‌లను 21-16, 16-21, 27-25తో ఓడించారు. ఇండోనేషియా జంట చేతిలో ఓడారు, బ్రిటన్ జంటను ఓడించారు. గ్రూపులో మూడు జంటలకూ రెండేసి గెలుపులు, ఒక్కో ఓటమి. గేముల తేడా చూస్తే ఇండోనేషియాకు 3, తైవాన్‌కు 2, మనవాళ్లకు 1. గ్రూపులో మూడో స్థానమే కావడంతో ఇంటికి వచ్చేశారు. ఆ తైవాన్ జంట స్వర్ణ పతకం గెలిచింది. ఆ ఒలింపిక్స్‌లో వాళ్లు ఓడింది ఒక్క మ్యాచే, అది మనవాళ్ల చేతిలో.

నియమంలో తప్పు లేదు. ముందే రాసుకున్నది, అందరికీ ఒకటే. కానీ ఫలితం తేల్చే లెక్క వేరు, సత్తా అంచనా వేసే లెక్క వేరు. మొదటిదానికి సందర్భం అక్కర్లేదు, అందరికీ సమానంగా ఉంటే చాలు. రెండోది సందర్భం లేకుండా నిలబడదు. 'గ్రూపు దశ దాటలేదు' అన్న వాక్యం చూసి ఆ జంటను పక్కన పెట్టి ఉంటే, మరుసటి ఏడాది థామస్ కప్‌లో, ఆ తర్వాత హాంగ్‌ఝౌలో మనం ఏం పోగొట్టుకునేవాళ్లమో ఊహించుకోండి.

సందర్భం సాకు కాకూడదు

ఇంత చెప్పాక ఒక ప్రమాదం గురించి కూడా చెప్పాలి. మనకు నచ్చిన ఆటగాడు విఫలమైతే పిచ్, వాతావరణం, అంపైరు, గాయం అన్నీ గుర్తొస్తాయి. నచ్చనివాడు విఫలమైతే సగటు ఒక్కటే గుర్తొస్తుంది. ఇలా వాడితే సందర్భం అన్యాయానికి మంచి ముసుగు అవుతుంది. ఎంపికలో పలుకుబడి, సిఫార్సు దూరేది కూడా ఈ సందులోంచే. 'అంకెలదేముంది, కుర్రాడిలో విషయం ఉంది' అన్న మాట నిజాయితీపరుడూ అంటాడు, పక్షపాతీ అంటాడు.

దీనికి మందు సందర్భాన్ని వదిలేయడం కాదు, ఫలితం తెలియకముందే దాన్ని ఖాయం చేసుకోవడం. ట్రయల్స్ మొదలుకాకముందే సెలెక్టర్లు కూర్చుని ఏమేమి లెక్కలోకి తీసుకుంటారో కాగితం మీద రాయాలి. ప్రత్యర్థి బలం, ఆడిన స్థానం, దొరికిన అవకాశాల సంఖ్య, వయసు. ఎవరికి వర్తించినా ఒకేలా వర్తించాలి. విహారికి విదేశీ పిచ్‌లు లెక్కలోకి తీసుకుంటే, అదే పిచ్‌ల మీద 45 సగటు చేసినవాడికి అంతకంటే ఎక్కువ మార్కులు పడాలి.

మన కాలేజీల్లో ఇది రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో అంతర్ కళాశాలల బాస్కెట్‌బాల్ పోటీ జరిగితే స్కోరు పుస్తకంలో ఎక్కేది ఎవరెన్ని పాయింట్లు చేశారన్నదే. ఒక అమ్మాయి 20 పాయింట్లు చేసిందనుకుందాం, ఇంకో అమ్మాయి 14. మొదటి అమ్మాయి 25 షాట్లు వేసింది, రెండో అమ్మాయి 10. మొదటి అమ్మాయి మ్యాచ్ మొత్తం ఆడింది, రెండో అమ్మాయికి దొరికింది సగం సేపే. ఈ రెండు గడులు అదనంగా ఉంటే ఎంపిక గదిలో మాట మారిపోతుంది. వేసిన షాట్లు, ఆడిన నిమిషాలు, పోగొట్టిన బంతులు, ప్రత్యర్థి ఎవరు, ఆ అమ్మాయి కోర్టులో ఉన్నంతసేపు జట్టు ఎంత ముందుంది లేదా వెనకబడింది. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. గీతలు గీసిన నోటు పుస్తకం, ఆట మీద ధ్యాస ఉన్న ఇద్దరు విద్యార్థులు చాలు. ఒక సీజన్ రాస్తే ఎంతో కొంత తెలుస్తుంది. మూడేళ్లు రాస్తే డెల్టాలో ఏ కోర్టులో ఎవరు పెరుగుతున్నారో చెప్పగల పట్టిక తయారవుతుంది.

ఆ పట్టిక లేకపోతే నష్టపోయేది ఎవరో కూడా చెప్పుకోవాలి. పేరున్న కాలేజీలో, బలమైన జట్టులో, కోచ్ కళ్లెదుట ఆడే పిల్లకు అంకెలు లేకపోయినా నడుస్తుంది, ఎవరో ఒకరు చూస్తారు. చిన్న ఊరి కాలేజీలో, బలహీనమైన జట్టులో, సెలెక్టరు రాని కోర్టులో ఆడే పిల్ల తరఫున మాట్లాడగలిగేది రాసి ఉన్న అంకె ఒక్కటే. ఆ అంకె సరిగా మాట్లాడాలంటే దాని పక్కన సందర్భం కూడా రాసి ఉండాలి. రెండూ రాయడం మన బాధ్యత.